చుక్క పడకూడదు: మదనపల్లె నుంచి కుప్పం దాకా మూడు సీళ్లు

మా ఇంట్లో ప్రయాణం అంటే దేవుడి దగ్గరికే. నేను మదనపల్లె, పుంగనూరు, కుప్పం వెళ్తున్నానని చెప్పగానే మా ఆడపడుచు, "అక్కడ ఏ గుడి ఉంది వదినా?" అని అడిగింది. గుడి సంగతి తెలియదు, మూడు పంపులున్నాయి అన్నాను. ఆవిడ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

ఆవిడ తప్పేం లేదు. విజయవాడ ఆటోనగర్‌లో పంపు సీళ్లు అమ్మే ఒక చిన్న కంపెనీలో నేను పంతొమ్మిదేళ్లుగా కుర్చీ దిగకుండా పని చేస్తున్నాను. ఆర్డర్లు రాయడం, పెట్టెలు కట్టించడం, ఉత్తరాలకు జవాబులివ్వడం, ఇదే నా ఉద్యోగం. సీలు అంటే కవరు మీద వేసే లక్క ముద్ర కాదు. మోటారు తిప్పే ఇనుప షాఫ్టు పంపులోకి దూరే చోట నీళ్లు బయటికి రాకుండా ఆపే వస్తువు. అందులో రెండు ఉంగరాల్లాంటివి ఉంటాయి. ఒకటి షాఫ్టుతో పాటు తిరుగుతుంది, రెండోది పంపు మూతలో కదలకుండా కూర్చుంటుంది. వెనక నుంచి స్ప్రింగు నెడుతుంటే రెండూ ముఖానికి ముఖం ఆనించుకుని రోజంతా తిరుగుతాయి. ఆ ముఖాలు అద్దంలా మెరుస్తాయి. వాటి మీద వేలిముద్ర పడినా నేరమే.

అలాంటివి కొన్ని వేలు దూదిలో చుట్టి పంపాను. ఒక్కటి కూడా తిరుగుతుండగా చూసిన పాపాన పోలేదు. నలభై ఆరేళ్ల వయసులో రోషం పుట్టుకొచ్చి, శనివారాలు మా వర్క్‌షాపులో కూర్చుని బిగించడం నేర్చుకున్నాను. ఆ తర్వాత ఫీల్డుకు పంపండి పంపండి అని మేనేజరు ప్రాణం తోడేశాను.

"మూడు ఊళ్లు, మూడు సీళ్లు," అన్నారాయన చివరికి. "మూడూ చుక్క కారకుండా నిలబడితే ఫీల్డు పని మీదే. ఒక్కటి కారినా ఆ ఊసు మళ్లీ ఎత్తకూడదు."

సరే అన్నాను. 

మదనపల్లె: మొదటి రోజు

మే నెలలో తెల్లవారి బస్సు దిగితే చలిగాలి తగిలింది. నాకు నవ్వొచ్చింది. మా బెజవాడలో ఆ వేళకి ఫ్యాను కింద కూడా చెమట పడుతుంది. ఇక్కడ టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన మఫ్లరు చుట్టుకుని, "ఎండలు శానా ఎక్కువైపోయినాయమ్మా," అని నాతో మొర పెట్టుకున్నాడు. ఆయన్ని ఒక్కరోజు మా ఇంటికి తీసుకెళ్లాలనిపించింది.

టిఫిను దోసె. మేము దోసె పక్కన అల్లప్పచ్చడి వేసుకుంటాం. వీళ్లు దోసె మీదే ఎర్రకారం పూసి, పైన పప్పులపొడి చల్లి, నెయ్యి వేసి మడుస్తారు. నలభై రూపాయలు. చెనక్కాయల చట్నీ, అంటే మన వేరుశనగ చట్నీయే, ఎన్నిసార్లు అడిగినా వేశారు. మూడోసారి అడగడానికి సిగ్గుపడ్డాను గానీ నాలుగోసారికి అలవాటైపోయింది.

మొదటి పంపు టమాటా గుజ్జు తీసే ఫ్యాక్టరీలో. ఊళ్లోకి వచ్చే లారీలన్నీ టమాటా బాక్సులే. గేటు బయట ఒక రైతు, పోయిన వారం ఆరొందలు పలికిన బాక్సు ఈ పొద్దు రెండొందలు కూడా పలకలేదని వాపోయాడు. గుజ్జు మాత్రం ధరతో పని లేకుండా ఎర్రగా, ఘుమఘుమలాడుతూ గొట్టాల్లో పరుగెడుతోంది.

పాత సీలు విప్పి షాఫ్టు తుడిచాను. షాఫ్టు మీద ఒక గాడి ఉంటుంది, దాని అంచు బ్లేడులా ఉంటుంది. సీలులోని రబ్బరు రింగును దాని మీదుగా జరిపితే కోసుకుపోతుంది. అందుకని ముందు గాడి మీద టేపు అంటించాలి. సంచిలో చెయ్యి పెట్టాను. టేపు లేదు. సంచి మొత్తం నేల మీద బోర్లించినా లేదు. పొద్దున బస్సులో ఊడిపోయిన చెప్పుకి చుట్టుకుని, మిగిలిన టేపు చుట్ట సీటు మీదే వదిలేసి దిగాను. పంతొమ్మిదేళ్ల కలకు పది రూపాయల టేపు అడ్డం పడింది.

పక్కన టమాటాలు ఏరుతున్న ఆడవాళ్లలో మల్లమ్మ అనే ఆమె లేచి వచ్చింది. "ఏమ్మా, ఏమి ఎతుకుతాండావు?"

చెప్పాను. ఆమె వెళ్లి మందుల పెట్టెలోంచి గాయాలకు వేసే తెల్ల ప్లాస్టరు చుట్ట తెచ్చింది. "తెగినదానికి ఏస్తారు గదా. తెగకుండా కూడా ఏయొచ్చు గదా," అంది.

అంత తేలిగ్గా అనేసరికి ఆమెను కౌగిలించుకున్నాను. ప్లాస్టరు అంటించి, రబ్బరు రింగుకు సబ్బునీళ్లు రాసి, మెల్లగా జరిపాను. గీత పడకుండా దిగింది. మూత నట్లు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించి, షాఫ్టును చేత్తో తిప్పి చూసి, లోపలి గాలి వదిలి, స్విచ్చి వేయమన్నాను. పంపు కింద వార్తాపత్రిక పరిచి ఒక గంట గొంతుక్కూర్చున్నాను. కాగితం పొడిగానే ఉంది. నేను దూదిలో చుట్టి పంపే బొమ్మ నా కళ్ల ముందు నిమిషానికి వేలసార్లు తిరుగుతూ ఒక్క చుక్క వదలడం లేదు. సంతోషంతో నాకు కళ్లనీళ్లు వచ్చాయి. మల్లమ్మ టమాటా ఘాటు అనుకుని కొంగు ఇచ్చింది.

పుంగనూరు: రెండో రోజు

పుంగనూరు అనగానే మా బంధువులంతా ఒకే కోరిక కోరారు. ఆ పొట్టి ఆవుతో ఫోటో దిగి పంపమని. బస్సు దిగిన దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాను. మేకలు కనిపించాయి, కుక్కలు కనిపించాయి, నా కంటే ఎత్తున్న జెర్సీ ఆవులు కనిపించాయి. పొట్టి ఆవు మాత్రం దర్శనమివ్వలేదు. ఆటో అతన్ని అడిగితే, "అవి ఈడ యాడుండాయమ్మా, మీ కోస్తా పక్కనే బంగళాల్లో కట్టేసుకోనుండారంట," అన్నాడు.

రెండో పంపు ఒక పాలకేంద్రంలో. సూపర్‌వైజరు రెడ్డెప్ప యాభై దాటిన మనిషి. తెల్ల చొక్కా, తెల్ల చెప్పులు, తల మీద తెల్ల టోపీ. నా చెప్పులు బయట విడిపించి, మోచేతుల దాకా రెండుసార్లు కడిగించి గానీ లోపలికి రానివ్వలేదు. నాకు ఆయన బాగా నచ్చాడు. సీలు బిగించేవాళ్లంతా ఇలాంటి మనుషులైతే మా కంపెనీకి సగం ఉత్తరాలు రావు.

ఇబ్బంది సబ్బునీళ్ల దగ్గర వచ్చింది. పాల పంపు దగ్గరికి సబ్బు తేవడానికి ఆయన ఒప్పుకోలేదు. లోపలికి వెళ్లి చిన్న గిన్నెతో నెయ్యి తెచ్చాడు.

"ఇది రాయమ్మా. మా సొంత నెయ్యి. దీనికంటే జారేది లోకంలో లేదు."

"వద్దండీ. ఈ రబ్బరుకు నెయ్యి పడదు, ఉబ్బిపోతుంది. కాచి చల్లార్చిన నీళ్లు చాలు."

ఆయన ముఖం చిన్నబోయింది. "మా నెయ్యి పడనిది ఒకటుండాదా," అని గిన్నె వంక చూసుకున్నాడు. రబ్బరుకు పడదు గానీ నాకు బాగా పడుతుందని చెప్పాను. సీలు బిగించడానికి గంటన్నర పట్టింది, ఒక్క చుక్క కారలేదు. తర్వాత ఆయన భార్య రాగి సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి, ఆ నెయ్యంతా అందులో పోసింది. పక్కన ఊరుబిండి, అంటే రోట్లో నూరిన వేరుశనగ పచ్చడి. మా వైపు ముద్దను నమిలి తింటామని నేను నములుతుంటే, ఆమె పక్కకు తిరిగి నవ్వింది. సంగటి మింగాలట. మింగడం నేర్చుకునేసరికి రెండో ముద్ద పడింది.

మేనేజరుకు ఫోను చేసి, రెండు నిలబడ్డాయి అన్నాను. "మూడోది కుప్పం," అన్నారాయన. నాకు తెలుసు.

కుప్పం దారి

గంగవరం, పలమనేరు దాటాక బస్సులో మాట మారడం మొదలైంది. వెనక సీట్లో కన్నడం, ముందు సీట్లో అరవం, నా పక్కన తెలుగు. మూడు భాషల వాళ్లూ కండక్టరుతో ఒకే భాషలో చిల్లర కోసం పోట్లాడారు. శాంతిపురం దగ్గర గ్రానైటు దిమ్మెలు మోసుకెళ్లే లారీ ఒకటి మా ముందు ఏనుగులా నడిచింది. నేను మాత్రం కిటికీలోంచి చూస్తూ కుప్పం గురించే ఆలోచిస్తున్నాను.

ఎందుకంటే ఆ కుప్పం కస్టమరు నాకు పాత పరిచయం. గ్రానైటు రాళ్లు పాలిష్ చేసే ఫ్యాక్టరీ అది. ఏడాదిలో రెండు సీళ్లు కారాయని వెనక్కి పంపారు. రెండుసార్లూ జవాబు రాసింది నేనే. "సీలులో లోపం లేదు. ఫిట్టింగులో తప్పు," అని రెండే వాక్యాలు. సంతకం మేనేజరుది, మాటలు నావి.

కుప్పం: మూడో రోజు

ఓనరు జయచంద్ర నన్ను పంపు దగ్గరికి తీసుకెళ్లి మెకానిక్కును చూపించాడు. పేరు మునెప్ప. అరవైకి దగ్గరగా ఉంటాడు, ముప్ఫై ఏళ్లుగా ఆ పంపుల మీదే ఉన్నాడు.

"మునెప్పగారూ, నమస్కారమండీ," అన్నాను.

"గారు యాలమ్మా, మునెప్పా అను సాలు," అన్నాడు.

ఓనరు ఆయన ముందే చెప్పేశాడు. "రెండు సీళ్లు పోయినాయమ్మా. ఇది మూడోది. ఇదీ కారితే మునెప్పను గేటు కాడ కూసోబెడతా. పంపుల జోలికి పోనిచ్చేది లేదు."

మునెప్ప సంచిలోంచి శుభ్రమైన గుడ్డ తీసి నాకు అందించాడు. నేను ఆయన తప్పు పట్టుకుందామని ప్రతి కదలికా గమనించాను. చేతులు కడుక్కున్నాడు. సీలు ముఖం మీద వెలుగు పడేలా పట్టుకున్నాడే తప్ప వేలు తగలనివ్వలేదు. నట్లు నాకంటే సమంగా బిగించాడు, చివరి చుట్టు మాత్రం నేనే గట్టిగా వేశాను. మరి ఇంత పనిమంతుడి చేతిలో రెండు సీళ్లు ఎలా పోయాయో నాకు అంతు పట్టలేదు. సాయంత్రం నాలుగింటికి స్విచ్చి వేశాం. ఐదున్నరకు కూడా నేల పొడిగా ఉంది.

నా ఆనందం చెప్పనలవి కాదు. మూడు సీళ్లు, సున్నా చుక్కలు. బస్టాండు దగ్గర వేడి బోండాలు నాలుగు తిని, ఆడపడుచుకు ఫోను చేసి, ఇకనుంచి నన్ను ఇంట్లో వెతకొద్దని చెప్పాను. లాడ్జిలో పడుకుని, ఫీల్డుకు వెళ్లేటప్పుడు ఏ రంగు సంచి కొనుక్కోవాలా అని ఆలోచించాను.

కుప్పం: నాలుగో రోజు

పొద్దున ఏడింటికి ఓనరు ఫోను. "కారతాండాదమ్మా. దార కట్టింది."

సంచి తీసుకుని ఆటో ఎక్కాను. పంపు ఆపి ఉంది. కింద తెల్లటి రాతిపొడి నీళ్లు మడుగు కట్టాయి. టార్చి వేసి చూశాను. మూత నట్లు నాలుగూ వదులు. వాటంతటవే వదులయ్యే నట్లు కావవి.

ఓనరు ఆఫీసులో ఉన్నాడు. పంపు దగ్గర మునెప్ప ఒక్కడే ఉన్నాడు. దాచలేదు.

"నేనే వదులు సేసినానమ్మా."

"ఎందుకండీ?"

"తెల్లారి వచ్చి సూస్తే ఒక్క సుక్క పడ్లేదు. నేల ఎండిపోయి ఉండాది. గ్లాండు తాడుకు సుక్క పడకపోతే ఏమైతాది? కాలిపోతాది, షాఫ్టు కూడా పోతాది. పాపం, ఆయమ్మ దూరం నుంచి వచ్చి గట్టిగా బిగించేసి పోయింది, ఇది కాలిపోతే ఆమెకు మాట వస్తాది అని, రెండు సుట్లు వదులు సేసినా."

పంపులకు సీళ్లు రాకముందు షాఫ్టు చుట్టూ గ్లాండు తాడు అని ఒక జిడ్డు తాడు చుట్టి బిగించేవాళ్లు. ఇప్పటికీ చాలా పంపులకు అదే. ఆ తాడు చల్లగా ఉండాలంటే చుక్క చుక్కగా నీళ్లు కారుతూనే ఉండాలి. చుక్కలు లెక్కపెట్టి నట్లు సర్దడమే మంచి మెకానిక్కు పని. మునెప్ప ముప్ఫై ఏళ్లుగా ఆ పనే శ్రద్ధగా చేశాడు. పోయిన రెండు సీళ్లనూ అంతే శ్రద్ధగా చంపాడు. నా సీలును కాపాడదామని పొద్దున్నే లేచి వచ్చి మరీ చంపబోయాడు.

కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది, ఆయన మీద కాసేపు, తర్వాత చాలాసేపు నా మీద. చుట్టూ చూస్తే పాలిష్ చేసిన గ్రానైటు స్లాబులు గోడకు ఆనించి ఉన్నాయి.

"మునెప్పా," అన్నాను. గారు దానంతటదే పోయింది. "రెండు పాలిష్ స్లాబులు తడి మీద ఒకదాని మీద ఒకటి పెడితే ఏమవుతుంది?"

"అతుక్కుంటాయి. నలుగురు పట్టినా ఊడవు. అందుకే గదా మధ్యలో కాగితం పెట్టేది."

"మధ్యలో నీళ్లుంటాయా, ఉండవా?"

"ఉంటాయి."

"కారతాయా?"

ఆయన స్లాబుల వైపు చూశాడు, పంపు వైపు చూశాడు. "ఇదీ అంతేనామ్మా? లోపల తడి ఉండాది, అదే సల్లగా పెడతాది, బయటికి రాదు."

"అంతే. చుక్క పడకపోతేనే అది ప్రాణంతో ఉన్నట్టు."

మునెప్ప నేల మీద కూర్చుండిపోయాడు. "పిట్టింగు తప్పు అని రెండు జాబులు వచ్చినాయి. మా పాపతో సదివించుకున్నా. పిట్టింగంతా సరిగానే సేసినా గదా, ఏమి తప్పో అని నాకు నిద్ర పట్టలేదు. ఈ స్లాబుల మాట ఆ జాబులో రాసుంటే సరిపోయేది గదమ్మా."

రాసింది నేనేనని చెప్పాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. "పోనీలేమ్మా," అన్నాడు, అంతే. సిగ్గుతో నా తల వంగిపోయింది.

పంపు విప్పాం. సీలు ముఖాలకు దెబ్బ తగల్లేదు. మూత కింది రబ్బరులో మాత్రం రాతిపొడి దూరి కోసింది. నా దగ్గర ఒక రబ్బరు మిగిలి ఉంది. ఈసారి నేను ముట్టుకోలేదు. మునెప్పే కడిగాడు, మునెప్పే బిగించాడు, మునెప్పే గాలి వదిలాడు. నేల ఆరింది, మళ్లీ తడవలేదు. పది నిమిషాలకోసారి ఆయన చెయ్యి నట్ల వైపు వెళ్లడం, తనే నవ్వి వెనక్కి లాక్కోవడం చూశాను.

ఇక రిపోర్టు రాయాలి. అందులో, సీలు కారిందా, కారితే కారణం ఏమిటి అని రెండు గడులుంటాయి. మెకానిక్కు నట్లు వదులు చేశాడు అని రాస్తే నిజమే. నా ఫీల్డు పని నాకుంటుంది, ఆయన గేటు దగ్గర కుర్చీలోకి వెళ్తాడు. కారలేదు అని రాస్తే అబద్ధం, ఓనరు కళ్లారా చూశాడు. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ ఫీల్డు పని నాకెంత కావాలో నాకే తెలుసు.

కారింది అని రాశాను. కారణం: సీలుకు, గ్లాండు తాడుకు తేడా ఏమిటో పంపు నడిపే మనిషికి మా కంపెనీ మూడుసార్లూ చెప్పకపోవడం.

సంతకం పెట్టే ముందు ఓనరు రెండుసార్లు చదివాడు. "అంటే మునెప్ప తప్పు లేదంటాండావా?" అన్నాడు. లేదన్నాను. ఆయన బయటికి చూసి, "మునెప్పా, టీ తెప్పించుకో, అమ్మకు కూడా," అని కేకేశాడు.

విజయవాడ

మేనేజరు రిపోర్టు చదివి బల్ల మీద పెట్టారు. "నిజం రాశారు, మంచిదే. కానీ మూడింట్లో ఒకటి కారింది. మాట మాటే," అన్నారు. నేను వాదించలేదు. వెళ్లి ఆర్డర్లు రాయడం మొదలుపెట్టాను. ఒక్క మార్పు చేశాను. ప్రతి పెట్టెలోనూ రెండు తడి స్లాబుల బొమ్మ గీసిన కాగితం పెడుతున్నాను, కింద 'చుక్క పడకూడదు, నట్లు వదులు చేయవద్దు' అని.

పదిహేను రోజులకు కుప్పం నుంచి ఆర్డరు వచ్చింది. మిగిలిన ఏడు పంపులకూ తాడు తీసేసి సీళ్లు వేస్తారట. మేనేజరు ఆ కాగితం చేత పట్టుకుని తన గదిలోంచి లేచి నా బల్ల దాకా వచ్చారు. పంతొమ్మిదేళ్లలో ఆయన అలా రావడం ఎన్నడూ చూడలేదు. ఆర్డరు కింద మునెప్ప చెప్పిన మాటలు ఓనరు ఉన్నవి ఉన్నట్టు రాశాడు. మేనేజరు పైకి చదివారు.

"బిగించేది నేను. పక్కన నిలబడి సూసేదానికి ఆయమ్మనే పంపండి. వేరే ఎవురొచ్చినా పంపు కాడికి రానియ్యను."